ఆత్మరక్షణ: ముందు పడటం, తర్వాత విడిపించుకోవడం, ఆ తర్వాతే కొట్టడం

కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఎవరైనా వెనక నుంచి వచ్చి పట్టుకుంటే ఏం చెయ్యాలి మేడమ్?" నేను జూడో నేర్పుతాను, పెద్దవాళ్లకు విడిగా ఆత్మరక్షణ క్లాసులు కూడా చెప్తాను. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు ఒక పట్టు చూపించి పంపెయ్యడం తేలిక. చూసినవాళ్లు సంతోషంగా ఇంటికెళ్లి తమ్ముడి మీద ప్రయత్నిస్తారు. తమ్ముడు గట్టిగా పట్టుకుంటాడు, ఆ పట్టు ఊడదు. మర్నాడు వచ్చి, నాకు బలం లేదు కాబట్టి ఇదంతా నాకు రాదు అంటారు.

బలం సంగతి తర్వాత. వదలకూడదని పట్టుదలగా ఉన్న మనిషి మీద ఆ కదలికను వాళ్లు అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు, అసలు కారణం అది. యుద్ధకళ ఏదైనా సరే, మీతో కలిసి సాధన చేస్తూ ఎదిరించే జోడీ మీద చేసి చూసినదే మీది అవుతుంది. క్లాస్ ఎంచుకోవడం దగ్గర్నుంచి రోజువారీ సాధన దాకా నేను చెప్పేదంతా ఈ ఒక్క నమ్మకం మీదే నడుస్తుంది.

క్లాస్ ఎంచుకునేటప్పుడు

డబ్బు కట్టే ముందు ఒక క్లాస్ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడండి. చూడనివ్వం అంటే ఆ చోటు వదిలెయ్యండి. గోడ మీది కప్పులూ సర్టిఫికెట్లూ తర్వాత చూడొచ్చు. ఇద్దరు జోడీగా సాధన చేస్తున్నప్పుడు రెండో మనిషి ఏం చేస్తున్నారో గమనించండి. ఒకరు పంచ్ విసిరి చెయ్యి అలాగే గాల్లో ఆపి ఉంచుతారు, ఇంకొకరు తీరిగ్గా నాలుగు దెబ్బలు కొట్టినట్టు చూపిస్తారు. మొదట్లో అలా నెమ్మదిగా చెయ్యడం తప్పు కాదు, ఎవరైనా అలాగే మొదలుపెట్టాలి. కానీ క్లాస్ అయ్యేలోగా కొంతసేపైనా ఎదుటివాళ్లు నిజంగా పట్టుకోవాలి, నిజంగా తోయాలి, నిజంగా తప్పించుకోవాలి. గంటసేపూ గాల్లో ఆగిన చేతులే కనిపిస్తే అక్కడ ఆత్మరక్షణ రాదు.

ఈ సంగతి బాగా అర్థం చేసుకున్నవారు జిగోరో కానో. ఆయన 1882లో టోక్యోలో కోడోకాన్ స్థాపించి, జపాన్ పాత పోరాట విద్య జుజుత్సు నుంచి జూడోను రూపొందించారు. రండోరి అనే స్వేచ్ఛా సాధనలో దెబ్బలు కొట్టడాన్నీ, ప్రమాదకరమైన కీళ్ల పట్లనూ పక్కన పెట్టారు. పైకి చూస్తే విద్యను మెత్తబరిచినట్టు ఉంటుంది. జరిగింది వేరు. గాయపరచని విసుర్లు, నేలకు అదిమి పట్టే పట్లు లాంటివే ఉండటం వల్ల శిష్యులు రోజూ పూర్తి బలంతో ఒకరితో ఒకరు తలపడగలిగారు. కళ్లలో పొడిచే విద్య జోడీ మీద ఒక్కసారి కూడా పరీక్షించలేం, నేల మీద పడేసే విద్య రోజుకు వంద సార్లు పరీక్షించొచ్చు. ఆ కోడోకాన్‌లో నేర్చుకున్న మిత్సుయో మయెదా ద్వారా ఇదే పద్ధతి బ్రెజిల్ చేరి, గ్రేసీ కుటుంబం చేతిలో బ్రెజిలియన్ జుజుత్సు అయింది. 1993లో డెన్వర్‌లో జరిగిన మొదటి అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్‌లో బరువు విభాగాలు లేవు. రాయిస్ గ్రేసీ తనకంటే బరువైన ముగ్గురిని ఒకే రాత్రి ఓడించాడు. తన మీద తమ బలమంతా పెట్టేవాళ్లతో ఏళ్ల తరబడి సాధన చెయ్యడం అంత తేడా చూపిస్తుంది.

బలంగా సాధన చేస్తే దెబ్బలు తగులుతాయి కదా అని భయపడకండి. మంచి చోట కొత్తవాళ్లను సీనియర్లతో కలిపి జాగ్రత్తగా చూసుకుంటారు. మాస్టర్ పాత గాయాల గురించి అడుగుతారు, ట్యాప్ చేస్తే, అంటే ఆపమని చేత్తో తడితే, వెంటనే వదలడం మొదటి రోజే నేర్పుతారు. సగం మంది మోకాలి పట్టీలతో కనిపించినా, ప్రశ్న అడిగితే మాస్టర్‌కి కోపం వచ్చినా, కొన్ని నెలల్లో బ్లాక్ బెల్ట్ ఇప్పిస్తామని చెప్పినా వెనక్కి వచ్చెయ్యండి. నేర్పేవాళ్లు మిమ్మల్ని తాకే ముందు ఎక్కడ, ఎందుకు తాకుతున్నారో చెప్తున్నారా అన్నదీ చూడండి. ఆత్మరక్షణ నేర్పే చోటే ఆ మర్యాద లేకపోతే ఇంకేం నేర్పుతారు?

ఇక ఏ విద్య మంచిది అంటారా. పట్టుకుంటే ఏం చెయ్యాలో జూడో, కుస్తీ, బ్రెజిలియన్ జుజుత్సు బాగా నేర్పుతాయి. దూరం కొలవడం, దెబ్బ నుంచి తల తప్పించడం బాక్సింగ్‌లో, ముయ్‌థాయ్‌లో త్వరగా వస్తాయి. కరాటే, టైక్వాండో నేర్పే తీరు ఒక్కో స్కూల్లో ఒక్కోలా ఉంటుంది, స్పారింగ్, అంటే ఎదుటి మనిషితో నిజంగా తలపడే సాధన, ఉన్నదే ఎంచుకోండి. కటాల వల్ల, అంటే ఒంటరిగా ఒక వరసలో చేసే కదలికల వల్ల, నిలకడ, నడుము తిప్పే పద్ధతి, ఓపిక వస్తాయి. వాటితో పాటు ఎదుట మనిషి ఉండే సాధన కావాలి. అన్నిటికంటే, మీరు వారానికి రెండుసార్లు మానకుండా వెళ్లగలిగే దూరంలో ఉన్న క్లాసే మీకు మంచి క్లాస్.

పడటం

మొదటి నెల నా క్లాసులో ఎక్కువ సమయం దీనికే పోతుంది. కొందరికి విసుగొస్తుంది, అయినా నేను తగ్గించను. దాడి జరిగే రోజు జీవితంలో రాకపోవచ్చు, కాలు జారే రోజు మాత్రం అందరికీ వస్తుంది. మా క్లాసులో ఒక రిటైర్డ్ ఉద్యోగి ఉండేవారు. తడి మెట్ల మీద వెల్లకిలా జారిపోయి కూడా తలకు దెబ్బ లేకుండా లేచారు. గడ్డం దానంతట అదే లోపలికి వచ్చిందని చెప్పారు. నా దృష్టిలో ఆయన ఆత్మరక్షణ నేర్చుకున్నట్టే.

మ్యాట్ మీద చతికిలబడటం నుంచి మొదలుపెట్టండి. గడ్డం గుండెకు ఆనించి మీ బెల్టు ముడి వైపు చూడండి. చేతులు ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకుని, వీపు గుండ్రంగా చేసి వెనక్కి దొర్లండి. వీపు మ్యాట్‌కు తగిలే క్షణంలో రెండు చేతులనూ అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి నేల మీద చరచండి. చేతులు ఒంటికి మరీ దగ్గరగానూ వద్దు, భుజాల ఎత్తుకు చాపినట్టూ వద్దు, ఆ రెండింటికీ మధ్యలో ఉండాలి. చరిచేటప్పుడు ఊపిరి వదలండి. ఊపిరి బిగబట్టి పడితే ఛాతీ అదిరిపోతుంది.

వెనక్కి పడేటప్పుడు చెయ్యి వెనక ఆనించాలనిపిస్తుంది. ఈ అలవాటే పోవాలి. చాపిన చేతి మీద ఒంటి బరువంతా పడితే మణికట్టో, మోచెయ్యో, భుజమో దెబ్బతింటుంది. చేతులు ఛాతీ ముందు పెట్టుకోమని మొదట్లో చెప్పేది అందుకే. చతికిలబడి బాగా వచ్చాక సగం వంగి, తర్వాత నిలబడి చెయ్యండి. పక్కకు పడటం కూడా అదే వరసలో నేర్చుకోండి. కుడి కాలిని ఎడమ వైపుకు జార్చి, కుడి పిరుదు, కుడి పక్క నేలకు ఆనేలా పడి, కుడి చేత్తో చరచాలి. తల నేలకు తాకకూడదు, మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకోకూడదు. ఇంట్లో గచ్చు మీద దయచేసి ప్రయత్నించకండి. మ్యాట్ ఉన్నచోటే, నేర్పేవాళ్ల ఎదుటే చెయ్యండి.

నిలబడటం, దూరం, గొంతు

ఎవరి మీదైనా అనుమానం వచ్చినప్పుడు రెండు చేతుల దూరం కంటే దగ్గరికి రానివ్వకండి. ఒక పాదం కాస్త ముందుకు, మోకాళ్లు కొంచెం వంచి, రెండు అరచేతులూ తెరిచి ఛాతీ ఎత్తులో ముందుకు పెట్టండి. చూసేవాళ్లకు అది గొడవ వద్దని చెప్తున్నట్టే ఉంటుంది. చేతులు మాత్రం ముఖాన్ని కాపాడుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. పిడికిళ్లు బిగించి నిలబడితే మీరే కయ్యానికి కాలు దువ్వుతున్నట్టు ఉంటుంది.

మాట చిన్నదిగా ఉండాలి. "ఆగు." "దగ్గరికి రావద్దు." "వెనక్కి వెళ్లు." కారణాలు చెప్పకండి, ప్రశ్నలు వెయ్యకండి. పొట్టలోంచి వచ్చే గొంతుతో అనండి. దీన్ని కూడా జోడీతో సాధన చెయ్యాలి. ఒకరు నడిచి వస్తూ ఉంటే ఇంకొకరు ఆపాలి. మాట నిజంగా గట్టిగా అనిపిస్తేనే వచ్చేవాళ్లు ఆగాలి, లేకపోతే నడుస్తూనే ఉండాలి. మంచి బలం ఉన్న ఒక అమ్మాయికి వారాల పాటు గొంతు పెగల్లేదు. చిన్నప్పటి నుంచి గట్టిగా మాట్లాడొద్దని విన్న పిల్ల. ఒకరోజు ఆమె అరుపుకి హాలంతా ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆమె పట్లు కూడా మారాయి, ఎందుకంటే అరిచేటప్పుడు ఊపిరి ఆగదు, ఒళ్లు బిగుసుకుపోదు.

విడిపించుకోవడం

ఒక చేత్తో మీ మణికట్టు పట్టుకున్నారనుకోండి. ఆ పట్టులో నాలుగు వేళ్లు ఒక వైపు, బొటనవేలు ఒక్కటే ఇంకో వైపు. సందు బొటనవేలి దగ్గరే ఉంటుంది. మోకాళ్లు వంచి స్థిరంగా నిలబడి, మణికట్టులో సన్నగా ఉండే అంచును ఆ సందు వైపు తిప్పండి. చెయ్యిని వెనక్కి గుంజకండి, గుంజితే బలం ఉన్నవాళ్లదే పైచేయి. మిమ్మల్ని పట్టుకున్న మనిషి మోచేతి వైపు మీ మోచేతిని తోస్తూ, నడుము తిప్పి, మీ అరచెయ్యి మీ భుజం దగ్గరికి వచ్చేలా లాక్కోండి. ఒంటి బరువంతా ఒక బొటనవేలి మీద పనిచేస్తుంది. మీ ఒక చేతిని రెండు చేతులతో పట్టుకుంటే, ఖాళీగా ఉన్న మీ చెయ్యిని వాళ్ల చేతుల మధ్యలోంచి పోనిచ్చి మీ పిడికిలిని మీరే పట్టుకుని, అదే పద్ధతిలో పైకి లాగండి. విడిపించుకోగానే అక్కడే నిలబడకండి. రెండు అడుగులు దూరం, చేతులు పైకి, అక్కణ్నుంచి పరుగు.

మొదట అడిగిన ప్రశ్న: వెనక నుంచి చేతులతో సహా వాటేసుకుంటే. ముందు మిమ్మల్ని ఎత్తనివ్వకూడదు. పాదాలు వెడల్పు చేసి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు పిరుదులు కిందికి దించండి. బరువు ఒక్కసారిగా కిందికి జారితే ఎత్తడం కష్టం. తర్వాత పిరుదులను ఒక పక్కకు జరపండి, ముంజేతులు పైకి లేపడానికి చోటు దొరుకుతుంది. ఇప్పుడు వాళ్ల రెండు చేతులతో కాదు, ఒక చేతితోనే పోరాడండి. మీ రెండు చేతులతో వాళ్ల ఒక మణికట్టును పట్టుకుని మీ ఒంటి నుంచి ఊడదీసి, అటువైపే తిరిగి ముఖాముఖి అయ్యాక తోసి వెళ్లిపోండి. జుట్టు పట్టుకుంటే, పట్టుకున్న ఆ చెయ్యిని మీ రెండు చేతులతో తలకేసి అదిమి పెట్టండి, లాగే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత వాళ్ల వైపే అడుగు వెయ్యండి.

మెడ విషయంలో ఆలస్యం చెయ్యకూడదు. మెడకు రెండు పక్కలా ఉండే కెరోటిడ్ ధమనులు నొక్కుకుపోతే పది సెకన్ల లోపే స్పృహ పోవచ్చు. గడ్డం దించండి, వెంటనే రెండు చేతులూ ఆ పట్టు మీదికే పోవాలి. సాధనలో కూడా మెడ బిగుస్తున్నట్టు అనిపించగానే ట్యాప్ చెయ్యండి. ఇంకొంచెం ఓర్చుకుందాం అనే పట్టింపు ఇక్కడ పనికిరాదు.

ఒక్కో కదలికనీ మూడు మెట్లలో చేయిస్తాను. మొదటి మెట్టులో జోడీ ఊరికే పట్టుకుంటుంది, మీరు దారి నేర్చుకుంటారు. రెండో మెట్టులో సగం బలంతో పట్టుకుంటుంది. మూడో మెట్టులో పూర్తి బలంతో పట్టుకుని, మీరు విడిపించుకున్నాక కూడా వెంటపడి మళ్లీ పట్టుకుంటుంది. అసలు నేర్చుకునేది ఈ మూడో మెట్టులోనే, ఎందుకంటే నిజంగా పట్టుకున్న మనిషి ఒక్కసారి ఊడగానే ఊరుకోడు. మొదటి పద్ధతి పనిచెయ్యకపోతే రెండోది, అదీ కాకపోతే తోపు, అరుపు. ఈ మారడం శరీరానికి అలవాటు కావాలి. మొదటి మెట్టులో ఒకే పద్ధతిని వందసార్లు చేసి ఇంటికెళ్లడం కంటే మూడో మెట్టులో పది నిమిషాలు తంటాలు పడటం మేలు.

కొట్టడం

గ్లవ్స్ లేకుండా పిడికిలితో తల మీద కొడితే విరిగేది చాలాసార్లు కొట్టినవాళ్ల చెయ్యే. చిటికెన వేలికి కింద అరచేతిలో ఉండే ఎముక విరుగుతుంది. దాన్ని బాక్సర్ ఫ్రాక్చర్ అంటారు. అందుకే కొత్తవాళ్లకు నేను అరచేతి అడుగు భాగం, అంటే మణికట్టుకు ఆనుకుని ఉండే గట్టి భాగం వాడమంటాను. వేళ్లు వెనక్కి వంచి, గడ్డం మీదికో ముక్కు మీదికో సూటిగా, నడుము తిరిగేలా కొట్టాలి. మరీ దగ్గరగా ఉంటే మోచెయ్యి, మోకాలు. కాలితో కొడితే మోకాలి ఎత్తు దాటొద్దు.

జోడీ చేతిలో పట్టుకున్న మెత్తటి ప్యాడ్స్ మీద రెండు నిమిషాల రౌండ్, ఒక నిమిషం విశ్రాంతి, ఇలా మూడు రౌండ్లు మొదట్లో చాలు. ప్యాడ్ పట్టుకున్నవాళ్లు ఊరికే నిలబడకూడదు. మీ చెయ్యి చెంప దగ్గరికి తిరిగి రాకపోతే ప్యాడ్‌తో మెల్లగా ముఖం మీద తట్టాలి, మీరు ఆగితే ముందుకొచ్చి తోయాలి.

కింద పడిపోతే వెల్లకిలా ఉండి పాదాలు ఎదుటి మనిషి వైపు తిప్పండి. లేచేటప్పుడు వీపు చూపించకండి. ఒక పక్కకు లేచి కూర్చుని, ఆ పక్క చెయ్యి వెనక ఆనించి, రెండో పక్క పాదం నేల మీద మోపండి. ఇంకో చెయ్యి ముఖానికి అడ్డం. పిరుదులు ఎత్తి, ఖాళీగా ఉన్న కాలిని ఒంటి కిందనుంచి వెనక్కి లాక్కుని నిలబడండి. ప్రతి క్లాసు చివర పదిసార్లు చెయ్యండి.

టెన్షన్‌లో ఏమవుతుంది

భయంలో గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఎదురుగా ఉన్నది తప్ప పక్కన ఏముందో కనిపించదు, వేళ్లతో చేసే సున్నితమైన పనులు కుదరవు. ఒక్కోసారి ఒళ్లు కొయ్యబారిపోతుంది. అది పిరికితనం కాదు, శరీరం తీరే అంత. అందుకే వేళ్ల మీద ఆధారపడే పట్లు వదిలేసి నడుము, కాళ్లు, బరువు వాడేవి నేర్చుకోవాలి. ముప్ఫై సెకన్లు ఉన్నచోటే వేగంగా పరిగెత్తి, ఆయాసం తగ్గకముందే జోడీ పట్టుకుంటే విడిపించుకోవడం సాధన చెయ్యండి. కళ్లు మూసుకుని నిలబడి, ఎటు నుంచి పట్టుకుంటారో తెలియకుండా చెయ్యడం కూడా మంచిది.

కత్తి గురించి సూటిగా చెప్తాను. చేతిలోంచి కత్తి లాక్కునే పట్లు కొత్తవాళ్లకు నేను నేర్పను. అమెరికన్ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో రాసిన వ్యాసంలో, సగటు మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకన్లలో దాటగలడని చూపించాడు. అంత దూరంలో ఉన్నా మీకు ఉన్న వ్యవధి అంతే. ఫోనో పర్సో అడిగితే పక్కకు విసిరేసి, రెండో వైపు పరిగెత్తండి. జనం, వెలుతురు ఉన్న దిక్కుకే వెళ్లండి. పారిపోవడానికి దారి లేనప్పుడు మధ్యలో కుర్చీ, బ్యాగు, ఏదో ఒకటి అడ్డం ఉంచుకోండి.

తెలిసినవాళ్ల నుంచి

చీకట్లో ముక్కూమొహం తెలియని మనిషి వస్తాడని ఊహించుకుని సాధన చేస్తాం. కానీ ఆడవాళ్ల మీద జరిగే లైంగిక దాడుల్లో ఎక్కువ భాగం తెలిసినవాళ్లు చేసేవే. అక్కడ చెయ్యి లేవకపోవడానికి కారణం బలం లేకపోవడం కాదు, మొహమాటం. కెనడాలోని మూడు యూనివర్సిటీల్లో జరిపిన అధ్యయనం ఒకటి 2015లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మూడేసి గంటల నాలుగు క్లాసుల్లో ప్రమాదాన్ని గుర్తించడం, మొహమాటం దాటడం, మాటతోనూ ఒంటితోనూ ఎదిరించడం నేర్పారు. ఏడాది తర్వాత చూస్తే, అత్యాచారానికి గురైనవాళ్లు ఆ శిక్షణ పొందినవాళ్లలో 5.2 శాతం, పొందనివాళ్లలో 9.8 శాతం. పన్నెండు గంటలు నేర్పితే వచ్చిన తేడా అది. తప్పు ఎప్పుడూ దాడి చేసినవాళ్లదే. అయినా ఇంత తేడా తేగల విద్యను ప్రతి అమ్మాయికీ అందించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి క్లాసులో దీన్నీ చేస్తాం. జోడీ స్నేహితుడిలా, బంధువులా, పై అధికారిలా మాట్లాడుతూ దగ్గరికి జరుగుతారు. "ఏమైంది, అంత కోపమెందుకు?" అంటారు. మీరు సంజాయిషీ ఇవ్వకుండా "చెయ్యి తియ్యండి" అని రెండోసారి, మూడోసారి అదే మాట అనాలి. కుర్చీలోంచి లేచి నిలబడటం, తలుపు వైపు జరగడం కూడా సాధనలో భాగమే. నవ్వొచ్చినా ఆపకుండా చెయ్యండి.

ఒంటిని కాపాడుకుంటూ

వారానికి రెండు క్లాసులు, మధ్యలో ఒకటి రెండు రోజులు స్కిప్పింగ్, స్క్వాట్లు, పుష్అప్‌లు. ఇది చాలు, ఇది మానకపోతే చాలు. కండరాల నొప్పి సహజం, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కీలులో పొడిచినట్టు నొప్పి, వాపు ఉంటే ఆపి డాక్టర్‌కు చూపించండి. స్పారింగ్‌లో మౌత్‌గార్డ్ తప్పనిసరి. తలకు దెబ్బ తగిలి తలనొప్పి, తల తిరగడం, వికారం, మతిమరుపు లాంటివి కనిపిస్తే ఆ రోజు సాధన అయిపోయినట్టే. డాక్టర్ సరేననేదాకా మళ్లీ స్పారింగ్ వద్దు. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలూ చెవి రింగులూ తీసేసి రండి. బీపీ, గుండె జబ్బు, పాత వెన్నునొప్పి ఉంటే మొదటి రోజే చెప్పండి.

మీరుండే దేశంలో ఆత్మరక్షణ చట్టం ఏం చెప్తుందో ఒకసారి చదువుకోండి. చాలా చోట్ల సూత్రం ఒకటే: ప్రమాదాన్ని ఆపడానికి అవసరమైనంత బలమే వాడాలి, ప్రమాదం పోయాక కొట్టకూడదు. నిజంగా ఏదైనా జరిగితే ముందు సురక్షితమైన చోటికి వెళ్లండి, తర్వాత ఒంటి మీద గాయాలు వెతుక్కోండి. ఆ వేడిలో నొప్పి తెలియదు. ఆ తర్వాత పోలీసులకు చెప్పండి, జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకోండి.

ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి ఆరు నెలలకోసారి నేను ఇలా చేయిస్తాను. మీకంటే బరువైన, మీరు అంతగా సాధన చెయ్యని జోడీని అడగండి. మాస్టర్ పక్కన ఉండగా, ఒక నిమిషం పాటు వాళ్లు మిమ్మల్ని ఎలాగైనా పట్టుకుని మ్యాట్ మీదే ఉంచాలి, మీరు గీత దాటి అవతలికి వెళ్లాలి. దెబ్బలు లేవు, మెడ పట్టడం లేదు, ట్యాప్ చేస్తే ఆపాలి. ఎక్కడ ఇరుక్కుపోయారో గుర్తుంచుకోండి. తర్వాతి నెలంతా ఆ ఒక్క చోటి నుంచే సాధన మొదలుపెట్టండి.